ఆదివారం పోస్టు మనమే తయారు చేసుకోవడం ఎలా: ఒక పువ్వు, ఒక నవ్వు, ఒక తేదీ

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో సగం మంది తిరుపతిలోనే ఉంటారు, మిగతావాళ్ళు చిత్తూరు, పలమనేరు, మద్రాసు, బెంగళూరు. ఆదివారం పొద్దున ఆరు నుంచే గుడ్ మార్నింగ్ బొమ్మలు పడ్తా ఉండేవి, మన ఊర్లో ఎప్పుడూ పూయని టులిప్పులు, మెరిసే రోజాలు, ఒక్కరు కూడా తెరిచి చూసేవాళ్ళు కాదు. మూడేళ్ళ నుంచి ఆ పని నేను తీసుకున్నా, ప్రతి ఆదివారం ఒక పువ్వు ఫోటో, ఆ తేదీ ముచ్చట ఒకటి, ఒక జోకు పెడతా. ఇప్పుడు ఎనిమిది దాటినా పోస్టు పడకపోతే మా పెద్దత్త ఫోను చేసి "ఏమి నాయనా, ఒంట్లో బాగుందా" అని అడుగుతుంది. మీ ఇంట్లో కూడా ఇట్లా మొదలుపెట్టాలనుకుంటే నేను చేసేదంతా చెప్తా. ముఖ్యమైంది ఒక్కటే, పువ్వు, జోకు, తేదీ మూడూ మన ఇంటి నుంచో మన చుట్టుపక్కల నుంచో రావాల, ఎవరో పంపింది తీసి ఇంకొకరికి తోసేస్తే ఎవరికీ ఆనదు.

ముందు పువ్వు సంగతి. పని శనివారం సాయంత్రమే మొదలవుతుంది, మిద్దె ఎక్కి ఏ మొగ్గ రేపటికి విచ్చుకుంటుందో చూసిపెట్టుకోండి. మందారం మొగ్గ పొడుగ్గా సాగి చుట్టలాగా అయ్యి రంగు బయటికి కనపడ్తా ఉంటే పొద్దునకి విచ్చుకుంటుంది, మామూలుగా అది ఒక్క రోజు పువ్వే, సాయంత్రానికి ముడుచుకుంటుంది, కాబట్టి మళ్ళీ తీద్దాంలే అనుకుంటే దొరకదు. పారిజాతం రాత్రి పూసి తెల్లారేసరికి రాలిపోతుంది, దాన్ని కొమ్మ మీద వెతక్కుండా నేల మీదే తీయండి, బోర్లా పడిన పువ్వుకి నారింజ రంగు కాడ పైకి లేచి ఉంటుంది చూడండి, ఫోటోలో అందమంతా ఆ కాడదే. చంద్రకాంత విచ్చుకునేదే సాయంత్రం, అది కావాలంటే శనివారమే తీసి పెట్టుకోవాల. రాధామనోహరం ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, తెల్లగా విచ్చుకుని గులాబీ రంగుకొచ్చి తర్వాత ఎర్రబడుతుంది, ఒకే గుత్తిలో మూడు రంగులు దొరుకుతాయి.

వెలుతురు విషయానికొస్తే తిరుపతిలో ఎండాకాలం ఏడున్నరకే సుర్రుమంటుంది, ఆలోపే పని అయిపోవాల. ఎర్ర మందారాన్ని ఎండలో తీస్తే రేకుల మీద ఈనెలన్నీ పోయి ఎర్ర ముద్దలాగా వస్తుంది, కెమెరాలు ఎరుపు దగ్గర తొందరగా చేతులెత్తేస్తాయి. అందుకని నీడలో తీయండి, స్క్రీను మీద పువ్వు ఉన్నచోట వేలితో తడితే చాలా ఫోన్లలో సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కొంచెం కిందికి లాగండి, రేకుల గీతలు మళ్ళీ తేలతాయి. జూమ్ వద్దు, మీరే దగ్గరికి పోండి, మరీ దగ్గరైతే మసకబారుతుంది, జానెడు దూరం చాలు. ఇంకోటి, ఫోటో తీసే ముందు లెన్సు తుడవండి, వంట చేస్తా ఫోను పట్టుకునేవాళ్ళ లెన్సు మీద నూనె జిడ్డు ఉంటుంది, ఫోటో పొగమంచులో తీసినట్టు వస్తుంది, ఫోను పాడైందని అనుకుంటారు గానీ కారణం అదే.

పువ్వు వెనక ఏముందో కూడా చూసుకోవాల. పోయిన కార్తీకంలో ఒక ఆదివారం మా నందివర్ధనం మొదటిసారి పూసింది, తెల్ల పువ్వు, వెనక తెల్ల సున్నం గోడ, ఎన్ని తీసినా పువ్వే కనపడలా. పక్కన తీగ మీద అమ్మ వంకాయరంగు చీర ఆరేసి ఉంది. కుండీని రెండు మూరలు అటు జరిపి వంగి చూస్తే ఆ ముదురు రంగు ముందర రేకులు ఒక్కొక్కటి చక్రం ఆకుల్లాగా విడివిడిగా నిలబడినాయి, నడుమ ఒక చిన్న చీమ లోపలికి పోతా ఉంది, ఆ చీమతో సహా తీసినా. ఆ రోజు వచ్చినన్ని జవాబులు దేనికీ రాలేదు, మా చిన్నమ్మ అయితే "ఆ చీర నేను కొనిచ్చిందే" అని పెట్టింది!

పువ్వుని కోసి తెచ్చి తీయకండి, చెట్టు మీదే తీయండి. తిరుమలలో పూసిన పూలన్నీ స్వామికే, కొండ మీద మనం తలలో పూలు పెట్టుకోం కదా. రామానుజుల మాట మీద ఆయన శిష్యుడు అనంతాళ్వారు కొండెక్కి పూదోట వేసినాడని చిన్నప్పటి నుంచి వింటాం, వైష్ణవులు తిరుమలని పుష్పమంటపం అనే పిలుస్తారు. అలాంటి ఊరోళ్ళం, పువ్వు దగ్గర ఆ మాత్రం మర్యాద పాటించాల.

ఇప్పుడు తేదీ. ఈ రోజు ప్రత్యేకత అని వెతికితే పది, పదిహేను వస్తాయి, అన్నీ పెట్టేస్తే ఎవరూ చదవరు, ఒక్కటే ఎంచుకోండి, అది మన నేలకి తగిలేది అయితే మేలు. ఆగస్టు 22 మద్రాస్ డే, 1639లో ఈస్టిండియా కంపెనీకి ఆ స్థలం ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు, ఆయన మన చంద్రగిరి నుంచి ఏలిన విజయనగరపు అరవీటి రాజుల కింద నాయకుడు. మద్రాసులో ఉండే మా పిల్లలకి చంద్రగిరి కోట ఫోటోతో పంపితే వాళ్ళే ఆశ్చర్యపోయినారు. ఫిబ్రవరి 28 అంటే అందరూ 1928లో రామన్ ఎఫెక్ట్ అని సైన్స్ డే పెడతారు, మంచిదే, కానీ అదే తేదీన 1919లో ఠాగూర్ మదనపల్లెలో కూర్చుని జనగణమనని ఇంగ్లీషులోకి రాసినాడు. ఆ పోస్టుకి నేను మామిడి పూత ఫోటో పెట్టినా, ఫిబ్రవరిలో మన చిత్తూరు తోటల్లో ఎక్కడ చూసినా అదే కదా. టీచర్స్ డే సెప్టెంబర్ 5 రాధాకృష్ణన్ గారి పుట్టినరోజు అని అందరికీ తెలుసు, ఆయన కొన్నాళ్ళు తిరుపతిలో చదువుకున్నారని, పుట్టిన తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేదని చెప్తే కొత్తగా వింటారు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు శ్రీహరికోట కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చింది, కాబట్టి చంద్రయాన్-3 ఎగిరిన 2023 జూలై 14 మనదే. అది చంద్రుడి మీద దిగిన ఆగస్టు 23ని జాతీయ అంతరిక్ష దినోత్సవం చేసినారు, 2026లో ఆ తేదీ ఆదివారమే పడుతుంది, ఇప్పుడే రాసిపెట్టుకోండి.

కొన్ని రోజులు తేదీతో కాకుండా వారంతో వస్తాయి. మే మొదటి ఆదివారం ప్రపంచ నవ్వుల దినోత్సవం, ముంబైలో మదన్ కటారియా అనే డాక్టరు 1998లో మొదలుపెట్టినాడు. మే రెండో ఆదివారం మదర్స్ డే, ఆగస్టు మొదటి ఆదివారం ఫ్రెండ్‌షిప్ డే. వీటిని పోయినేడు తేదీ చూసి పెట్టేస్తే తప్పు పోతుంది, ఏ ఏడుకాయేడు క్యాలెండరు చూడాల్సిందే.

పంపే ముందు తేదీని రెండు చోట్ల సరిచూడండి, ఇది మాత్రం వదలొద్దు. ఒకసారి నేను 1969 జూలై 20 ఆదివారం, ఈ రోజే మనిషి చంద్రుడి మీద కాలుపెట్టినాడు అని పెడితే, రిటైరైన సైన్సు టీచరు మా మామ ఫోను చేసి, "అది అమెరికా లెక్క అల్లుడూ, మన టైముకి వాళ్ళు దిగేసరికి సోమవారం తెల్లవారుజాము 1:47, అడుగు పెట్టేసరికి ఎనిమిది దాటింది" అన్నాడు. చూస్తే నిజమే, అదే గ్రూపులో సరిచేసి మళ్ళీ పెట్టినా. తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి మదనపల్లెలో పుట్టింది 1895 మేలో, కొందరు 11 అంటారు కొందరు 12 అంటారు, అలాంటప్పుడు మే నెల అని రాస్తే చాలు.

జోకు అన్నిటికన్నా చిన్నగా ఉండాల, నాలుగు లైన్లు దాటకూడదు, నవ్వొచ్చే మాట చిట్టచివర రావాల, దాని తర్వాత ఇంక ఏమీ రాయకూడదు, నవ్వే బొమ్మలు కూడా వద్దు. భార్యల మీద, ఒంటి రంగు మీద, నత్తి మీద, కులం మీద జోకులు నేను పెట్టను, గ్రూపులో ఎవరో ఒకరు ఆ మాట చదివి ఫోను పక్కన పెట్టేస్తారు, వాళ్ళకి ఆదివారం అక్కడే పాడవుతుంది. ఇంట్లో పెద్దోళ్ళు, పిల్లలు మాట్లాడుకునేది వింటా ఉంటే చాలు, దొరుకుతాయి. ఇది మా ఇంట్లోదే:

"తాతా, అలిపిరి నుంచి కొండకి ఎన్ని మెట్లు?"
"ఎక్కేటప్పుడు 3550. ఇంటికొచ్చి మీ అవ్వ చేత కాళ్ళు పిసికించుకునేటప్పుడు ఏడువేలు."

ముందు దీంట్లో తాత ఎప్పుడు పోయినాడు, ఎవరితో పోయినాడు, ఎండ ఎట్లుంది అని ఆరు లైన్లు రాసినా, చదివితే నవ్వు రాలా, తీసేస్తే వచ్చింది. ఇంకొకటి జూన్ 10 దగ్గర్లో వచ్చే ఆదివారానికి బాగా కుదురుతుంది, ఎందుకంటే బొంబాయి మిల్లు కార్మికులకి నారాయణ్ మేఘాజీ లోఖండే పోరాటంతో ఆదివారం సెలవు వచ్చింది 1890 జూన్ 10న:

"అవ్వా, ఆదివారం నాకు సెలవు, నాన్నకి సెలవు, నీకెప్పుడు సెలవు?"
"సోమవారం మీరంతా బయటికి పోయినాక."

అన్ని ఆదివారాలకీ జోకు కుదరదు. 1919 ఏప్రిల్ 13, జలియన్‌వాలాబాగ్ జరిగింది కూడా ఆదివారమే, ఆ తేదీ వచ్చినప్పుడు పువ్వు, నాలుగు మాటలు, అంతే. గ్రూపులో ఎవరింట్లో అయినా చావు జరిగిన వారం కూడా జోకు ఆపేయండి.

ఇక కలిపి పెట్టడం తేలిక. ఫోటో ముందు, దాని కిందే రాత, పువ్వు మీద అక్షరాలు అచ్చేయొద్దు. మొదటి లైన్లో పువ్వు పేరు, ఎవరింటిదో, తర్వాత తేదీ ముచ్చట మూడు లైన్లు, ఆఖర్న జోకు. పంపేటప్పుడు హెచ్‌డీ నొక్కండి, లేకపోతే ఆ చీమ కనపడదు. టైము ఏడు నుంచి ఎనిమిది లోపల, తొమ్మిదైతే మగవాళ్ళు మటన్ అంగడి దగ్గర క్యూలో, ఆడవాళ్ళు వంటింట్లో ఉంటారు. ఇంట్లో పూలు లేని వారం గ్రూపులో వాళ్ళనే అడగండి, మా పలమనేరు వదిన పంపిన కనకాంబరాలతోనే రెండు ఆదివారాలు గడిచినాయి, కింద "వదిన పెరటిది" అని రాస్తే ఆమె ఇప్పుడు అడక్కుండానే శనివారం రాత్రి పంపుతా ఉంది.