ఇంప్లాంట్ చుట్టూ చిగురు నుంచి రక్తం వస్తోందా? నొప్పి పుట్టే దాకా ఆగకండి

ఇంప్లాంట్, అంటే ఊడిన పన్ను స్థానంలో దవడ ఎముకలో బిగించి పైన క్యాప్ పెట్టే స్క్రూ, పెట్టించుకున్న వాళ్లలో చాలామంది అది టైటానియం కాబట్టి పుచ్చదు, ఇక ఆ పన్ను గురించి టెన్షన్ లేదు అనుకుంటారు. పుచ్చదు, నిజమే. కానీ ఆ టైటానియం స్క్రూని పట్టుకుని ఉన్నది మీ దవడ ఎముక, పైన కప్పి ఉన్నది మీ చిగురు. ఆ రెండింటికీ జబ్బు వస్తుంది, వచ్చిందంటే సొంత పన్ను దగ్గర కంటే త్వరగా లోపలికి దిగుతుంది.

సొంత పంటి వేరుకీ ఎముకకీ మధ్య సన్నని నారల పొర ఒకటి ఉంటుంది, చిగురు నారలు కూడా వేరులోకి నాటుకుని గట్టిగా పట్టుకుంటాయి. ఇంప్లాంట్‌కి ఆ పొర ఉండదు. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టర్ 1965లో మొదటి మనిషికి పెట్టినప్పటి నుంచీ ఇంప్లాంట్ నిలబడేది ఎముక నేరుగా టైటానియంకి అతుక్కోవడం వల్లే. చిగురు మాత్రం లోహంలోకి నాటుకోలేదు కదా, చుట్టూ ఆనుకుని ఉంటుందంతే. అందుకే పాచి పేరుకుంటే క్రిములకి అడ్డు తక్కువ. పైగా చాలామందికి ఎముక కరుగుతున్నా నొప్పి ఉండదు, అసలు ప్రమాదం అక్కడే ఉంది.

జబ్బుకి రెండు దశలు. మొదటిదాన్ని పెరి ఇంప్లాంట్ మ్యూకోసైటిస్ అంటారు, వాపు చిగురు వరకే ఉంటుంది, ఎముక బాగానే ఉంటుంది, సరిగ్గా శుభ్రం చేస్తే వెనక్కి తగ్గుతుంది. రెండోది పెరి ఇంప్లాంటైటిస్, అంటే ఎముక కరగడం మొదలైంది. పోయిన ఎముకని పూర్తిగా తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. కాబట్టి మన ప్రయత్నమంతా మొదటి దశలోనే పట్టుకోవడం మీద ఉండాలి.

బ్రష్ చేసేటప్పుడు ఇంప్లాంట్ దగ్గర రక్తం, చిగురు ఎర్రబడి ఉబ్బడం, నొక్కితే చీము, ఆ చోటు నుంచే దుర్వాసన, చిగురు కిందికి జారి లోహం కనిపించడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పన్ను కదులుతోందంటే అస్సలు ఆలస్యం చేయొద్దు, అలాగని భయపడిపోనూ వద్దు, చాలాసార్లు పైన క్యాప్‌ని పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులైనా అలాగే కదులుతుంది, దాన్ని డాక్టర్ మళ్లీ బిగిస్తారు. కదిలేది లోపలి ఇంప్లాంటే అయితే ఎముక పట్టు పోయినట్టు, అప్పుడు తీసేయడం తప్ప దారి లేదు.

ఇంట్లో చేయాల్సిన పని. రక్తం వస్తోందని ఆ పక్క బ్రష్ పెట్టడం మానేస్తారు చూడండి, అది పూర్తిగా తప్పు. మెత్తటి బ్రష్‌ని చిగురు అంచు వైపు వాల్చి, బలంగా రుద్దకుండా చిన్న చిన్న కదలికలతో, రోజుకి రెండుసార్లు తోమండి. ఇంప్లాంట్ క్యాప్ చిగురు దగ్గర సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది కాబట్టి మామూలు బ్రష్ ఆ కింది మూలలోకి చేరదు, పాచి అంతా అక్కడే దాక్కుంటుంది. దానికి ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడాలి, సీసాలు కడిగే బ్రష్‌ని బుల్లిదిగా చేసినట్టు ఉంటుంది. లోపలి తీగకి ప్లాస్టిక్ పూత ఉన్నదే కొనండి. సైజు మీరే ఊహించి కొనకుండా డాక్టర్‌తో కొలిపించుకోండి: బలవంతంగా దూరకూడదు, వదులుగా జారిపోకూడదు, కుంచె సందు గోడలకి తగలాలి. మా అమ్మకి పక్కపక్కనే ఉన్న రెండు సందులకి రెండు వేర్వేరు సైజులు కావాల్సి వచ్చింది. రాత్రి పడుకునే ముందు ఒక్కసారైనా ఇది తప్పకూడదు. చివరి దవడ పన్ను వెనక వైపుకి ఒకే కుచ్చు ఉండే చిన్న బ్రష్ పనికొస్తుంది. బ్రిడ్జి ఉన్నవాళ్లు, నాలుగు ఇంప్లాంట్ల మీద మొత్తం పళ్ల వరుస కట్టించుకున్నవాళ్లు సూపర్‌ఫ్లాస్ అనే పళ్ల సందుల దారం తీసుకుని దాని గట్టి కొసని కిందనుంచి దూర్చి, స్పాంజిలా ఉన్న భాగంతో అడుగున తుడవాలి. ఇంప్లాంట్ మరలు బయటపడిన చోట మాత్రం ఫ్లాస్ వద్దు, గరుకు అంచుకి దాని పోగులు చిక్కుకుని అవే వాపు తెస్తాయి. సన్నని నీటి ధారతో కడిగే వాటర్ ఫ్లాసర్ మంచిదే, కానీ అది బ్రష్‌కి తోడు, బదులు కాదు.

పిన్నీసులు, అగ్గిపుల్లలు, బొగ్గు, ఇటుక రంగు పళ్లపొడి దయచేసి దగ్గరికి రానివ్వకండి. ఉప్పు నీళ్లు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది, అంతవరకే, పాచి వదలదు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టర్ రాస్తే రెండు వారాలు మించకుండా వాడండి, ఎక్కువ వాడితే పళ్లు గోధుమ రంగుకి తిరుగుతాయి, నాలుకకి రుచి మారుతుంది. పేస్ట్‌తో తోమాక అరగంట ఆగి వాడండి, పేస్ట్‌లోని నురగ పదార్థం దాని పనిని తగ్గిస్తుంది. ఇక మెడికల్ షాపులో అడిగి అమాక్సిసిలిన్, మెట్రోనిడాజోల్ లాంటి యాంటీబయాటిక్స్ మింగడం ఆపండి. మాత్రతో వాపు కొన్నాళ్లు తగ్గినట్టు కనిపించినా గార అక్కడే ఉంటుంది, ఈలోపు విలువైన నెలలు పోతాయి.

క్లినిక్‌లో రెండు పనులు జరగాలి. సన్నని కొలత పుల్లతో చిగురుకీ ఇంప్లాంట్‌కీ మధ్య సందు లోతు చూడటం ఒకటి, మెల్లగా చూస్తే ఇంప్లాంట్‌కి ఏమీ కాదు. రెండోది ఎక్స్‌రే తీసి క్యాప్ పెట్టిన రోజుల నాటి ఎక్స్‌రేతో పోల్చడం. పాతది లేకపోతే లోతు 6 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉండి, రక్తమో చీమో వస్తూ, ఎముక కనీసం 3 మిల్లీమీటర్లు దిగి ఉంటే పెరి ఇంప్లాంటైటిస్‌గా లెక్కవేస్తారు.

మొదటి వైద్యం ఎప్పుడూ క్లీనింగే: టైటానియం పనిముట్లతోనో, ప్రత్యేకమైన అల్ట్రాసోనిక్ కొనతోనో, మెత్తటి పొడి గాలితో కొట్టే పద్ధతితోనో. బ్రష్ దూరని విధంగా క్యాప్ ఉంటే దాని ఆకారం కూడా మార్పించాలి, లేకపోతే ఎన్నిసార్లు శుభ్రం చేసినా మళ్లీ మొదటికే వస్తుంది. ఎముక కరిగిన వాళ్లకి 6 నుంచి 12 వారాల తర్వాత మళ్లీ కొలుస్తారు. లోతు 5 మిల్లీమీటర్ల లోపుకి వచ్చి, చీము పోయి, రక్తం మహా అయితే ఒక్క చోట ఉంటే సర్జరీ అక్కర్లేదు. తగ్గకపోతే చిగురు తెరిచి చెడిన కండని తీసి స్క్రూని శుభ్రం చేస్తారు, ఎముక గిన్నెలా గుంట పడితే అందులో గ్రాఫ్ట్, అంటే ఎముకకి బదులు పెట్టే పదార్థం, నింపుతారు. ఆ తర్వాత కూడా 3, 4 నెలలకోసారి వెళ్లాల్సిందే, ఈ జబ్బు తిరగబెడుతుంది.

ఇంతకుముందు చిగుళ్ల జబ్బుతో పళ్లు ఊడినవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు, సిగరెట్, బీడీ, చుట్ట కాల్చేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఖైనీ, గుట్కా కూడా మానాల్సిందే. వైద్యం ఎంత బాగా చేసినా పొగ మానకపోతే చిగురు సరిగ్గా మానదు, ఈ మాట డాక్టర్లు మెత్తగా చెబుతారు గానీ గట్టిగానే వినాలి.

సెలవుల్లో హైదరాబాద్, విజయవాడ వచ్చి ఇంప్లాంట్ పెట్టించుకుని అమెరికాకో గల్ఫ్‌కో తిరిగి వెళ్లే మనవాళ్లకి ఒక్క మాట. కంపెనీ పేరు, పొడవు, వెడల్పు, బ్యాచ్ నంబర్ ఉన్న స్టిక్కర్, క్యాప్ పెట్టాక తీసిన ఎక్స్‌రే తీసుకోకుండా క్లినిక్ గడప దాటకండి. క్యాప్ స్క్రూతో బిగించారా, సిమెంట్‌తో అతికించారా అన్నది కూడా రాయించుకోండి. సిమెంట్‌దైతే, చిగురు లోపలికి కారి మిగిలిపోయిన ముక్కే వాపుకి కారణం కావచ్చు, అక్కడి డాక్టర్ మొదట దాని కోసమే వెతుకుతారు.