నార్మండీ తీరాలకు పిల్లాపాపలతో వెళ్లేవారికి

రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్లపై పోరుకు 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సైన్యాలు దిగిన యూటా, ఒమాహా, గోల్డ్, జూనో, స్వోర్డ్ తీరాలు ఫ్రాన్స్‌లోని నార్మండీలో సుమారు 80 కిలోమీటర్ల పొడవునా ఉన్నాయి. ఈ ఐదింటినీ ఒక్క రోజులో చూడాలనుకుంటే పిల్లలకు కారు కిటికీ తప్ప మరేమీ గుర్తుండదు. కనుక రెండు రోజులు కేటాయించి, పారిస్‌లోని సెయింట్ లాజార్ స్టేషన్ నుంచి రైలులో రెండు గంటలకు పైగా ప్రయాణించి బాయూ పట్టణం చేరుకుని, అక్కడే బస చేయడం మేలు. బస్సులు తక్కువ కాబట్టి కారు అద్దెకు తీసుకోవాలి. అందుకోసం అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోండి. జూన్ మొదటి వారంలో వార్షికోత్సవాల రద్దీ ఉంటుంది గనుక, ఆ రోజుల్లోనే వెళ్లదలచినవారు గదులు చాలా ముందుగా మాట్లాడుకోవాలి.

మొదటి రోజును ఆరోమాంష్‌తో ప్రారంభించండి. ఓడరేవు లేని చోట సరుకులు దించడానికి బ్రిటిష్‌వారు కాంక్రీటు పెట్టెలను సముద్రం మీదుగా లాక్కొచ్చి నిర్మించిన కృత్రిమ రేవు శిథిలాలు అక్కడ ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే వాటిని దగ్గరగా చూడగలం కాబట్టి ఆటుపోట్ల వేళలను ముందురోజే తెలుసుకోవాలి. నీరు త్వరగా తిరిగి వస్తుంది గనుక పిల్లల చెయ్యి వదలకూడదు. వేసవిలోనూ గాలి చలిగా ఉంటుంది, స్వెటర్లు మరవవద్దు.

ఒమాహా తీరానికి ఎగువన, కొలెవిల్‌లో ఉన్న అమెరికన్ సైనిక శ్మశానవాటికకు సగం పూటైనా ఇవ్వాలి. 9,300కు పైగా సమాధులను ఒక్కసారిగా చూసిన పిల్లవాడికి అది ఒక అంకెగానే తోస్తుంది. అందుకే లోపలికి వెళ్లకముందే ఒక్క మనిషి కథ చెప్పండి. యూటా తీరంలో సైనికులతో పాటు దిగిన జనరల్ థియోడర్ రూజ్‌వెల్ట్ జూనియర్ ఆ తర్వాతి నెలలోనే గుండెపోటుతో మరణించారు. మొదటి ప్రపంచయుద్ధంలో కూలిన ఆయన తమ్ముడు క్వెంటిన్ అవశేషాలను తర్వాత తెచ్చి ఆయన పక్కనే ఖననం చేశారు. ఆ రెండు సమాధులను వెతికి చూసిన పిల్లలు మిగిలిన వరుసలను వేరే కళ్లతో చూస్తారు. అక్కడ పరుగులు, గట్టి మాటలు, సమాధులకు ఆనుకుని ఫొటోలు తగవని ముందే నచ్చజెప్పండి.

రెండవ రోజు లా కాంబ్‌లోని జర్మన్ శ్మశానవాటికను వదిలేయవద్దని నా గట్టి అభిప్రాయం. 21,000 మందికి పైగా అక్కడ ఉన్నారు. ఓడిన పక్షంలోనూ తల్లిదండ్రులు ఏడ్చారన్న సంగతిని పెద్ద పిల్లలు అక్కడే గ్రహిస్తారు. చిన్నవాళ్లుంటే రాతి కొండపై బాంబు గుంతలు అలాగే ఉన్న పాయింట్ దూ ఓక్ సరిపోతుంది.

మరొక రోజు చిక్కితే, నార్మండీకి దూరమే అయినా లీల్ నగరానికి దగ్గరలోని న్యూవ్ షాపెల్‌కు వెళ్లవచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి, సమాధి కూడా దక్కని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు 1927లో ఆవిష్కరించిన ఆ స్మారకంపై చెక్కి ఉన్నాయి.