ఇథియోపియాకి స్టూడెంట్ ప్రాజెక్ట్ మీద పోతున్నారా, బ్యాగ్ సర్దేముందు ఇవి చూస్కోండి

ఈ జూన్‌లో ఫీల్డ్‌కి పోయే జూనియర్లు విడివిడిగా అడుగుతున్నారు, అందుకే అందరికీ కలిపి రాస్తున్నా. మాది మాస్టర్స్‌లో ఇండస్ట్రీ ప్రాజెక్ట్, ఐదుగురం, ఒక స్వచ్ఛంద సంస్థ మా క్లయింట్. రిఫ్ట్ వ్యాలీ అనే పల్లపు లోయలో జివాయ్ సరస్సు వైపు ఊళ్ళల్లో నీళ్ళల్లో ఫ్లోరైడ్ తీసే యూనిట్లు ఎందుకు మూలకి పడ్డాయో చూసి చెప్పాలి. నాది నల్లగొండ జిల్లా, ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల వచ్చే గార పళ్ళు, వంగిన కాళ్ళు చిన్నప్పట్నుంచి చూసినవే, పైగా అక్కడ పెట్టింది కూడా నాగపూర్ నీరి (పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్ళు ఫ్లోరైడ్ తీయడానికి తయారు చేసిన నల్లగొండ టెక్నిక్కే, కాబట్టి నాకు తెలిసిన పనే అనుకుని పోయాను.

ముందు సీజన్ సంగతి. మన సెలవులు, వాళ్ళ పెద్ద వానాకాలం (కిరెమ్త్ అంటారు, జూన్ నుంచి సెప్టెంబర్) ఒకేసారి వస్తాయి. మట్టి రోడ్లలో బండి దిగబడుతుంది, రైతులు పొలంలో ఉంటారు, అసలు తిప్పలేంటంటే వానలప్పుడు చాలా ఇళ్ళల్లో వాన నీళ్ళు పట్టుకుని తాగుతారు, అప్పుడు "ఏ నీళ్ళు తాగుతారు" అని అడిగితే వచ్చే జవాబు ఏడాది మొత్తానిది కాదు. ఎండాకాలంలో ఏం తాగుతారని విడిగా అడగండి.

ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి, ఆ కార్డ్ లేకుండా అక్కడ్నుంచి ఇండియాలో దిగితే క్వారంటైన్‌లో పెడతారు. అడిస్ అబాబా ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ మలేరియా భయం పెద్దగా లేదు, కిందికి రిఫ్ట్ వ్యాలీలోకి దిగితే ఉంటుంది, మందుల గురించి డాక్టర్ని ముందే అడగండి. డ్రోన్ మాత్రం తీసుకెళ్ళొద్దు.

టైం దగ్గర అందరూ దెబ్బ తింటారు. వాళ్ళ గడియారం పొద్దున ఆరింటికి మొదలవుతుంది, "మూడింటికి రండి" అంటే మన తొమ్మిది. మేము మధ్యాహ్నం మూడింటికి పోయాం, ఊరి పెద్దలు పొద్దుట్నుంచి కూర్చుని కూర్చుని లేచి వెళ్ళిపోయారు, వాళ్ళని మళ్ళీ కూర్చోబెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. భాష కూడా అంతే, మేము కష్టపడి అమ్హారిక్ మాటలు నేర్చుకుని పోతే ఆ ఊళ్ళల్లో మాట్లాడేది ఒరోమో. ఆడవాళ్ళతో మాట్లాడ్డానికి ఒరోమో వచ్చిన ఆడమనిషినే తోడు తీసుకోండి, నీళ్ళు మోసేది వాళ్ళే కదా.

శాంపిళ్ళు ప్లాస్టిక్ సీసాల్లోనే పట్టండి, గాజులో వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. సర్వే ఫారాలు నెట్ లేకపోయినా పనిచేసేట్టు ఫోన్లో ముందే దింపుకోండి.

ఇంక నేను గట్టిగా చెప్పేది మాట ఇవ్వడం గురించి. ఆ నల్లగొండ టెక్నిక్‌లో నీళ్ళల్లో పటిక, సున్నం వేసి కలిపి, మడ్డి కిందకి దిగాక పైన తేరిన నీళ్ళు తీసుకోవాలి. వినడానికి సులువే, కానీ ఒక్కో బోరు నీళ్ళకి పటిక మోతాదు వేరు, అది రోజూ ఎవరో ఒకరు వెయ్యాలి, పటిక కొనాలి, ఆ మడ్డి ఎక్కడ పారబోయాలో చూడాలి. మేం చూసిన యూనిట్ల దగ్గర ట్యాంకులు బాగానే ఉన్నాయి, పటిక కొనేవాళ్ళే లేరు. ఇది తెలుసుకోక ముందే మాలో ఒకరు ఒక అమ్మతో "బాగుచేయిస్తాం" అనేశారు. మా ప్రాజెక్ట్‌లో రిపేర్‌కి ఒక్క బిర్ (వాళ్ళ డబ్బు) కూడా లేదు! ఆమె మేము కనిపించిన ప్రతిసారీ ఎప్పుడని అడిగేది, ఆ మొహం ఇప్పటికీ గుర్తొస్తుంది. అందుకే పోయేముందే క్లయింట్‌తో కూర్చుని మనం ఏం చెయ్యగలం, ఏం చెయ్యలేం, మనం వెళ్ళిపోయాక ఊళ్ళోవాళ్ళకి ఎవరు జవాబుదారీ అన్నది కాయితం మీద రాయించుకోండి, అదే మాట ఊళ్ళో మొదటి రోజే ఒరోమోలో చెప్పించండి. సాయం చేస్తారని నమ్మి జవాబులిచ్చే మనిషికి నిజం ముందే తెలియాలి.

రిటర్న్ టికెట్ ఒక వారం ఆలస్యంగా బుక్ చేస్కోండి. ల్యాబ్ రిజల్ట్స్ వచ్చాక మళ్ళీ ఆ ఊరికి పోయి, ఏ బోరులో ఫ్లోరైడ్ ఎంత ఉందో, తాగే నీళ్ళకి హద్దు అయిన లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటినవి ఏవో ఆ ఇళ్ళవాళ్ళకే చదివి చెప్పడానికి ఆ వారం కావాలి, మాకు దొరకలేదు.