ఇంటి పక్క రైలు లైను పెరుగుతోందా? పని మొదలయ్యేలోపే ఇవి చూసుకోండి

సర్వే వాళ్లు వచ్చి పట్టాల పక్కన పెగ్గులు పాతి వెళ్లారనో, మూడో లైనూ నాలుగో లైనూ వస్తున్నాయని నోటీసు పడిందనో తెలియగానే చుట్టుపక్కల జనం రెండు జట్లయిపోతారు. ఒకళ్లు ఆపించేద్దాం అంటారు, ఇంకొకళ్లు రేట్లు పెరుగుతాయి ఊరుకోండి అంటారు, ఈ వాదనలోనే నెలలు గడిచిపోతాయి. నన్నడిగితే లైను మొత్తానికి ఆగిపోవడం చాలా అరుదు. కానీ ఏ వైపు వేస్తారు, పట్టాల కింద ఏం పరుస్తారు, గోడ ఎంత ఎత్తు కడతారు, రాత్రిళ్లు ఏ పని చేస్తారు, ఇవన్నీ మార్పించుకోవచ్చు. అదీ డ్రాయింగులు ఖరారయ్యేలోపే. కంకర పోసి పట్టాలు బిగించేశాక అడిగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ముందు డ్రాయింగులు సంపాదించండి. స్టేషన్ బొమ్మా చెట్ల బొమ్మా వేసి పంచే రంగుల బ్రోషర్ మీకెందుకూ పనికిరాదు. కావాల్సినవి రెండు: అలైన్‌మెంట్ ప్లాను, అంటే లైను ఎటు నుంచి ఎటు పోతుందో పైనుంచి చూపే బొమ్మ, మీ ఇంటికి ఎదురుగా తీసిన క్రాస్ సెక్షన్, అంటే లైనును అడ్డంగా కోసి చూపే బొమ్మ. ప్లాను మీద లైను పొడవునా చైనేజీ అంకెలుంటాయి, అంటే లైను మొదలైన చోటు నుంచి ఎంత దూరమో చెప్పేవి. మీ ఇల్లు ఏ చైనేజీ దగ్గర పడుతుందో చూసుకుని, ఇక నుంచి ఎవరితో మాట్లాడినా ఏం రాసినా ఆ అంకె చెప్పండి, అవతలి ఇంజినీరు కూడా వెంటనే సరైన షీటు తీస్తాడు. ఇప్పుడున్న దగ్గరి పట్టా మధ్యగీత నుంచి మీ గోడకు ఎంత దూరం, కొత్తది వచ్చాక ఎంత దూరం, కట్ట ఎత్తు మారుతోందా, ఇవి రాసుకోండి. మీ ఇంటి ఎదురుగా పాయింట్లు, అంటే రైలు ఒక పట్టా మీంచి ఇంకో పట్టాకు మారే చోటు, వస్తున్నాయేమో ప్రత్యేకంగా వెతకండి. అక్కడ పట్టాల మధ్య ఖాళీ ఉంటుంది, ప్రతి చక్రమూ దాన్ని కొట్టుకుంటూ పోతుంది. అమెరికా ట్రాన్సిట్ శాఖ వాడే లెక్కల పుస్తకం ఇలాంటి చోట్లకు దగ్గరున్న ఇళ్లకు ప్రకంపనలో 10 డెసిబెల్ దాకా అదనంగా కలపమంటుంది. పాయింట్లను కాస్త ముందుకో వెనక్కో జరపమని అడగడం కాగితం దశలో చిన్న కోరిక. తర్వాత అసాధ్యం.

చప్పుడు లెక్క కష్టమైందేమీ కాదు. రోజుకు నడిచే రైళ్లు రెట్టింపైతే సగటు చప్పుడు 3 డెసిబెల్ పెరుగుతుంది. పట్టా సగం దూరానికి వచ్చినా సుమారు అంతే. వేగం రెట్టింపైతే మాత్రం ఒక్కో రైలు వెళ్లేటప్పటి గరిష్ఠ చప్పుడు 9 డెసిబెల్ దాకా పెరగొచ్చు, చెవికి దాదాపు రెండింతలు వినిపించడానికి 10 చాలు. కాబట్టి రైళ్ల సంఖ్య గురించి మాత్రమే మాట్లాడే వాళ్లను వేగం సంగతేమిటని అడగండి. సగటు దగ్గర ఇంకో మెలిక ఉంది. రాత్రి రెండు గంటలకు పోయే గూడ్సు బండి ఇరవై నాలుగు గంటల సగటులో కలిసిపోయి కనపడకుండా పోతుంది, మీ నిద్ర మాత్రం పోతుంది. అందుకే రాత్రి సగటు వేరుగా, ఒక్కో రైలు గరిష్ఠం వేరుగా, రాత్రికి ఎన్ని రైళ్లన్నది వేరుగా ఇమ్మని రాయండి. పోల్చుకోవడానికి ఒక అంకె కావాలంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు రైలు చప్పుడు పగలూ రాత్రీ కలిపిన సగటులో 54, రాత్రి సగటులో 44 డెసిబెల్ లోపు ఉండాలంటాయి. ఇది చట్టం కాదు, చాలా లైన్లు ఇప్పటికే దీన్ని దాటేసి ఉంటాయి. అయినా ఆ అంకె పక్కన మీ అంకె పెడితే అవతలివాళ్లు "కాస్త పెరుగుతుందంతే" అని తేల్చేయలేరు.

ఇప్పుడున్న చప్పుడు ఎంతో పని మొదలవకముందే కొలిపించాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1996 నాటి నియమాల ప్రకారం కొత్త లైను గానీ అదనపు లైను గానీ పడితే ఇంటికి సౌండ్ ఇన్సులేషన్ ఇవ్వాలంటే, చప్పుడు ఒక స్థాయి దాటడంతో పాటు మునుపటి కన్నా కనీసం 1 డెసిబెల్ పెరగాలి. మునుపటి అంకె లేకపోతే పెరిగిందని దేన్ని చూపించి చెబుతారు? మీ దగ్గర చట్టం ఏదైనా ఈ చిక్కు మాత్రం తప్పదు. ఫోన్ యాప్ లెక్క మీకు అవగాహనకు సరిపోతుంది గానీ సాక్ష్యంగా నిలబడదు, క్యాలిబ్రేట్ చేసిన, అంటే సరిగ్గా కొలుస్తోందని పరీక్షించిన మీటరుతో, పడకగది కిటికీ బయట, మామూలు రోజుల్లో, రాత్రి కూడా కొలవమని అడగండి. కొలిచేటప్పుడు ఎదురుగా ఉండండి.

ఇక ఇంటి రికార్డు. దీనికి ఒక ఆదివారం పోయినా ఫర్వాలేదు, ఎందుకంటే పగుళ్ల గొడవల్లో ఓడిపోయేవాళ్లలో చాలామంది ఇక్కడే ఓడిపోతారు. ప్రతి గది నాలుగు గోడలూ, సీలింగూ, కిటికీ మూలలూ, ప్రహరీ, బావి ఉంటే దాని వరలు, అన్నీ ఫొటో తీయండి. పగులు లేని గోడ కూడా తీయాలి, రేపు అక్కడ పగులొస్తే అదే మీ సాక్ష్యం. పాత పగులు కనిపిస్తే దాని రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి, స్కేలు ఆనించి దగ్గరగా ఒక ఫొటో, ఏ గోడో తెలిసేలా దూరంగా ఇంకోటి. కాస్త పెద్ద పగులైతే దాని మీద అడ్డంగా పల్చటి గాజు ముక్కను రెండు వైపులా గట్టి జిగురుతో అంటించి వదిలేయండి. గోడ కదిలితే గాజు పగులుతుంది, ఎప్పుడు పగిలిందో మీకు తెలుస్తుంది. కాంట్రాక్టరు తరఫున కూడా పని ముందు ఇళ్ల సర్వే చేయమని అడిగి, వాళ్ల రిపోర్టు కాపీ తీసుకోండి. చదవకుండా సంతకం పెట్టకండి, లేని పగుళ్లు ఉన్నట్టు రాసుకోవడం కూడా జరుగుతుంది.

నిజాయితీగా చెప్పాలంటే ప్రకంపన తెలిసిన ప్రతిసారీ ఇంటికి నష్టం జరుగుతున్నట్టు కాదు. బ్రిటిష్ ప్రమాణాల ప్రకారం ఇళ్లలో అదురు వేగం సెకనుకు 0.3 మిల్లీమీటర్లు ఉన్నప్పుడే మనిషికి తెలిసిపోతుంది, ఇల్లు దెబ్బతినకుండా మామూలు ఇళ్లకు జర్మన్ ప్రమాణం పెట్టిన హద్దు తక్కువ ఫ్రీక్వెన్సీలో, అంటే నెమ్మదిగా ఊగే అదురుకు, సెకనుకు 5 మిల్లీమీటర్లు, పాత సున్నితమైన కట్టడాలకు 3. మధ్యలో చాలా తేడా ఉంది. అల్మరాలో గిన్నెలు గలగలమంటే టెన్షన్ పడటం సహజమే, కానీ ఫిర్యాదులో "ఇల్లు కూలిపోతోంది" అని రాస్తే ఒక్క మీటరు పెట్టి మీ నోరు మూయించేస్తారు. నిద్ర చెడుతోందని రాయండి, అది నిజమూ, రుజువు చేయగలిగేదీను.

గోడ కట్టిస్తే చాలనుకునేవాళ్లు చాలామంది. గోడ చప్పుడునే ఆపుతుంది, నేలలోంచి వచ్చే అదురును ఏమీ చేయలేదు. దానికి కంకర కింద రబ్బరు లాంటి మ్యాట్లు పరచాలి, లేదా పట్టాను బిగించే చోట మెత్తటి ఫాస్టెనర్లు వాడాలి, ఇవన్నీ పట్టాలు వేసేటప్పుడే జరగాలి. చప్పుడు విషయంలోనైనా మీ కిటికీలోంచి చక్రాలు కనపడుతుంటే ఆ గోడ పెద్దగా పనిచేయదు, కాబట్టి పై అంతస్తుల వాళ్లకు వేరే ఏర్పాటు అడగాలి. లైనుకు రెండు వైపులా గోడలుంటే లోపలి ముఖం చప్పుడు పీల్చుకునే రకంగా ఉండాలి, లేకపోతే అవతలి గోడకు కొట్టుకుని మీ మీదికే వస్తుంది. ఒక వరస చెట్లు నాటుతామంటే సంతోషంగా ఒప్పుకోండి, నీడకు. చప్పుడుకు కాదు.

నడుస్తున్న లైను పక్కన పని కాబట్టి రైళ్లు ఆపిన వేళల్లోనే, అంటే ఎక్కువగా రాత్రిళ్లే, పట్టాల దగ్గరి పని జరుగుతుంది. దాన్ని పూర్తిగా వద్దనలేం. ఏ రాత్రులో ముందే చెప్పమని, సుత్తితో దిగ్గొట్టే పైల్స్ (పునాది స్తంభాలు) బదులు డ్రిల్లు చేసి కాంక్రీటు పోసేవి వాడమని, రాత్రి ఫోన్ ఎత్తే నంబరు ఒకటి ఇమ్మని అడగొచ్చు.

చప్పుడు గొడవలో పడి జనం మర్చిపోయేవి రెండున్నాయి. మొదటిది దాటే దారి. గేటు మూసేసి ఫుట్‌బ్రిడ్జి కడతామంటే, మెట్లెక్కలేనివాళ్లు ఎటు పోతారో, కొత్తది తయారయ్యే దాకా పాతది ఉంచుతారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. రెండోది నీళ్లు. కట్ట వెడల్పు చేసినప్పుడు కింద ఉన్న పాత కల్వర్టును, అంటే వాన నీళ్లు అవతలికి పోయే గొట్టాన్ని, అలాగే పొడిగిస్తుంటారు. చుట్టూ ఇళ్లు పెరిగి అది ఎప్పుడో చాలక పోయుంటే, ఆ చాలని గొట్టమే ఇప్పుడు ఇంకాస్త పొడవవుతుంది, ఎగువన ఉన్న వీధి మునుగుతుంది. ఏ వానకు లెక్క వేసి డిజైన్ చేశారని అడగండి, మునిగిన రోజుల పాత ఫొటోలు జత చేయండి.

అభ్యంతరం రాసేటప్పుడు గడువు తేదీ చూసుకుని, ఒక్కో కోరిక ఒక్కో పేరాగా, చైనేజీతో సహా రాసి అందిన ముద్ర వేయించుకోండి. వంద మంది సంతకాల ఒక్క కాగితం కన్నా ఎవరి ఇంటి వివరాలతో వాళ్లు రాసిన ఇరవై కాగితాలకు విడిగా జవాబు చెప్పాల్సొస్తుంది. మీటింగులో ఎవరైనా హామీ ఇస్తే ఆ సాయంత్రమే "మీరిలా అన్నారు" అని మెయిల్ పెట్టండి, నోటి మాట నీటి మూట. అద్దెకుండేవాళ్లు కూడా రాయాలి, పరిహారం ఓనరుకు పోయినా నిద్ర పోయేది వీళ్లదే.

కోర్టు దాకా పోవాలనుకుంటే టోక్యోలో ఒడాక్యూ లైను కథ తెలుసుకోండి. దాన్ని నాలుగు పట్టాలు చేస్తూ పైకి ఎత్తి కట్టే పని మీద పక్కనున్నవాళ్లు కేసు వేశారు. ప్రాజెక్టులో భూమి పోకపోయినా, చప్పుడుతో ప్రకంపనతో తీవ్రంగా నష్టపోయే అవకాశమున్న వాళ్లకు కేసు వేసే హక్కుందని జపాన్ సుప్రీంకోర్టు 2005 డిసెంబరులో తేల్చింది. మరుసటి ఏడాది అసలు కేసులో వాళ్లు ఓడిపోయారు. లైను 2018 మార్చిలో పూర్తయింది, రైళ్లలో రద్దీ కూడా బాగా తగ్గింది. వినిపించుకునే హక్కు వచ్చేటప్పటికే పని చాలావరకు అయిపోయింది.

లైను తెరిచాక అవే చోట్ల మళ్లీ కొలిపించండి, ఈ షరతు ముందే రాయించుకుని ఉండాలి. తర్వాత ఎప్పుడైనా కొత్తగా టకటక మొదలైతే కాసేపు చెవి పెట్టి వినండి. ప్రతి రైలుకూ ఒకే చోట కొడుతుంటే పట్టా అతుకులో లోపం. ఒక్క రైలుకే వచ్చి, దానితో పాటే ముందుకు సాగిపోతుంటే ఆ పెట్టె చక్రం ఒకచోట అరిగి చదునైంది. మొదటిదైతే చైనేజీ, రెండోదైతే తేదీ, సమయం, ఏ దిక్కుకు పోయింది, ముందు నుంచి సుమారు ఎన్నో పెట్టె అని రాసి పంపితే మెయింటెనెన్స్ వాళ్లు ఆ చక్రాన్ని వెతికి పట్టుకోగలరు.