వరద ప్లానింగ్‌లో అందరి మాటా చేరాలంటే ఏం చేయాలి?

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం వైపు వీధుల్లో నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. ఏ సందులోకి నీళ్లు ఎటునుంచి వచ్చాయో, ఎంతసేపట్లో మంచం ఎత్తుకు చేరాయో అక్కడున్నవాళ్లకే తెలుసు. డ్రైన్ల ప్లాన్ వేసేటప్పుడు ముందుగా అడగాల్సింది వాళ్లనే. మీ వార్డులో కాలనీ సంఘమో, యువకుల బృందమో ఈ పనికి పూనుకుంటే ఇలా మొదలుపెట్టండి.

ముందు వార్డు మ్యాప్‌ను పెద్ద షీట్ మీద ప్రింట్ తీసుకుని వీధులన్నీ నడవండి. గోడల మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో, ఏ కల్వర్టు దగ్గర చెత్త అడ్డం పడుతోందో గుర్తు పెట్టండి. వాన కురిసే రోజు ఇంకోసారి నడవండి.

తర్వాత, మీటింగ్‌కు ఎవరు రాలేరో రాసుకోండి. అద్దె ఇళ్లవాళ్లు, ఇళ్లలో పనికెళ్లే ఆడవాళ్లు, ఆటో డ్రైవర్లు, మంచం పట్టిన పెద్దవాళ్లున్న కుటుంబాలు. ఉదయం 11 గంటలకు ఆఫీసులో మీటింగ్ పెడితే వాళ్లకు ఆ పూట కూలి పోతుంది. రాత్రి 7 దాటాక సందు మొదట్లోనో, అంగన్‌వాడీలోనో కూర్చోండి. డ్వాక్రా సంఘం కలిసే రోజున మీరే అక్కడికి వెళ్లండి.

అన్నిటికన్నా కష్టమైనది కాలువ గట్టున ఉండేవాళ్లతో మాట్లాడటం. నీటి సంగతి వాళ్లకే బాగా తెలుసు, కానీ నోరు విప్పితే ఆక్రమణ అని ఇల్లు పడగొడతారని భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అందుకే పేర్లు, డోర్ నంబర్లు రాయకండి, వీధి పేరు చాలు. ఇళ్లు తరలించే ఆలోచన ఉందని మీకు తెలిస్తే మొదటి రోజే చెప్పేయండి. బదులుగా ఇల్లు ఎక్కడిస్తారు, అక్కడి నుంచి పనికి ఎంత దూరం అనేవి అధికారులతో వాళ్ల ముందే చెప్పించండి. ఇది దాచి అభిప్రాయాలు సేకరించడం మోసమే.

ఇంజినీర్ వచ్చినప్పుడు ఒకటే పట్టుకుని అడగండి: ఈ నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయి? ఒక వీధి రోడ్డు ఎత్తు పెంచితే నీళ్లు పక్క సందులో ఇళ్లలోకి దూరతాయి. బుడమేరునే చూడండి. ఎగువన వరదను కృష్ణా నదిలోకి మళ్లించే డైవర్షన్ కాలువకు గండ్లు పడితే నగరం మునిగింది. దిగువన ఏరు కొల్లేరులో కలుస్తుంది. కాబట్టి పల్లంలో ఉన్న కాలనీవాళ్లు లేకుండా ఏదీ ఖాయం చేయొద్దు.

ముందు ఏ పని చేయాలో చేతులెత్తించి తేల్చకండి, జనం ఎక్కువున్న వీధే గెలుస్తుంది. నీళ్లు ఎక్కువసేపు నిలిచే చోటు, పైకెక్కడానికి మేడ లేని ఇళ్లు ముందు రావాలి.

ప్లాన్ తయారయ్యాక అవే సందులకు మళ్లీ వెళ్లండి. ఎవరి సూచన తీసుకున్నారో, ఏది కాదన్నారో, ఎందుకో తెలుగులో రాసి వార్డు సచివాలయం గోడకు అంటించమని అడగండి. జవాబు రాకపోతే డ్రాయింగు, ఎస్టిమేటు కాపీల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మామూలుగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.