వరండా బల్లకి అతుకుల గలీబు

మా వరండాలో మావగారి కాలంనాటి టేకు బల్ల ఒకటుంది. పొడవు 4 అడుగులు, వెడల్పు 16 అంగుళాలు. ఆయన పొద్దున్నే దాని మీద కూర్చుని పేపరు పూర్తిచేసేగానీ లేచేవారు కాదు. మా ఆయన మాత్రం ఐదు నిమిషాలకోసారి అటూ ఇటూ కదిలి, "రాయిలా ఉందే" అంటారు. కుషన్లు కొందామని అమలాపురం వెళ్తే అన్నీ మెరుపు బట్టలే. మే నెల ఉక్కలో ఆ బట్ట మీద కూర్చుంటే ఒంటికి అతుక్కుపోదూ! ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నదాన్ని, గలీబు ఓ లెక్కా అని నేనే మొదలెట్టాను.

మొదటిది నెల తిరక్కుండానే చిరిగింది. రంగు బాగా కుదిరిందని పాత నూలు చీర ముక్క పక్కన మా అబ్బాయి జీన్స్ ముక్క వేశాను. కుట్టు ఊడలేదు, కుట్టు పక్కనే చీర పిగిలిపోయింది. అత్తగారు దాన్ని వేలితో లాగి చూసి, "బొంతకి ముందు లోపలి గుడ్డ చూసుకుంటారమ్మాయ్, పైగుడ్డ సంగతి తర్వాత" అన్నారు. జాకెట్లకి లైనింగు వేసే నాకు ఆ మాట ఆవిడ చెప్పాల్సి వచ్చింది.

అందుకని రంగుల కంటే ముందు బట్ట సత్తువ చూడండి. చీరని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ఎక్కడ పలచబడిందో తెలిసిపోతుంది. మడత పెట్టిన గీతల దగ్గరా, కుచ్చిళ్ల దగ్గరా ముందు నలుగుతుంది. ఆ భాగం వదిలేయండి. రెండు చేతులతో గట్టిగా లాగినప్పుడు చిర్రుమంటే ఆ చీరని మసిగుడ్డలకి ఉంచుకోవడమే. నూలు చీరలు, గళ్ల లుంగీలు, కాటన్ చొక్కాలు కలిసి బాగా ఇముడుతాయి. జీన్స్, పాలియెస్టర్ వద్దు. ఎరుపు, ముదురు నీలం ఉంటే తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు దిగితే ఎంత అందమైనదైనా పక్కన పెట్టాల్సిందే.

అన్నీ ఉతికి, పలచగా గంజి పెట్టి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. గంజి పెట్టని పాత చీర కత్తెర కింద జారిపోతుంది, ముక్క వంకర పోతుంది. ఈ ఒక్క పని బద్ధకించకండి.

ఇక కొలతలు. బల్లకి మూడు కుషన్లు. ఒక్కోదానికి 16 అంగుళాల చదరం, 2 అంగుళాల మందం ఉన్న ఫోము కోయించాను. బూరుగు దూది మెత్తగానే ఉంటుంది గానీ కూర్చోగా కూర్చోగా అణిగిపోతుంది. ఫోము 16 ఉందని గలీబు కూడా 16కే కుడితే అది లోపలికి దూరదు. దూర్చినా పడవలా వంగుతుంది. మందాన్ని కూడా కలుపుకుని 18 అంగుళాలకి కుట్టాలి.

శుభలేఖ అట్ట మీద 5 అంగుళాల చదరం గీసి కత్తిరించుకోండి. మా ఇంట్లో పెళ్లి కార్డులకి కొదవలేదు. అరిగిన సబ్బు ముక్కతో దాని చుట్టూ గీసి, నేత దారం వెంబడి కోయండి. ఏటవాలుగా కోస్తే సాగిపోతుంది. ఒక గలీబుకి 16 ముక్కలు, మూడింటికి 48. వాటిని నేల మీద నాలుగు వరసలుగా పరిచి, లేచి నిలబడి దూరంనుంచి చూడండి. నేనైతే ఒక రాత్రంతా అలాగే వదిలేస్తాను. పొద్దున్న కాఫీ గ్లాసుతో వచ్చి చూసేసరికి ఏది ఎక్కడ ఎబ్బెట్టుగా ఉందో తెలిసిపోతుంది. పిల్లిని మాత్రం గదిలోకి రానివ్వకండి.

ముక్కకీ ముక్కకీ పావు అంగుళం లోపలికి కుట్టాలి. 14 నంబరు సూది, నూలు దారం, చిన్న కుట్టు. ఒక వరస నాలుగు ముక్కలు అతికాక, వెనకనున్న మడతలన్నీ ఎడమకి ఇస్త్రీ చేయండి. కింది వరసవి కుడికి. ఇలా ఎదురెదురుగా ఉంటే, వరసలు కలిపేటప్పుడు మడత మడతకి తగిలి సరిగ్గా కూర్చుంటుంది, మూలలు కలుస్తాయి. గుండుసూదులు మూలల దగ్గరే గుచ్చండి. అంతా అయ్యేసరికి పైభాగం 18½ అంగుళాలు రావాలి. రాకపోతే, కుట్టు ఎక్కడో పావు అంగుళం దాటిందన్నమాట.

ఇప్పుడు అత్తగారి మాట. పాత పంచె గట్టిగా ఉన్న చోట 20 అంగుళాల చదరం కోసి అతుకుల కింద పరవండి. చేత్తో పెద్ద కుట్లు వేసి కదలకుండా చేసి, అతుకుల గాడిలోనే మిషను మీద మళ్లీ కుట్టండి. తర్వాత అంచుల మిగులు కోసేయండి. కూర్చున్న బరువంతా ఇక పంచె మోస్తుంది. ఈ పని చేశాక నా గలీబు ఒక్కటీ చిరగలేదు.

వెనకభాగానికి 18½ x 12½ అంగుళాల ముక్కలు రెండు. 45 అంగుళాల పన్నా ఉన్న మీటరు గుడ్డలో మూడు గలీబులకీ వచ్చేస్తాయి. ఒక్కో ముక్కకి ఒక పొడుగు అంచుని అర అంగుళం చొప్పున రెండుసార్లు మడిచి కుట్టండి. పైభాగాన్ని మంచివైపు పైకి ఉండేలా పరిచి, మడిచి కుట్టిన అంచులు మధ్యకి వచ్చేలా ఈ రెంటినీ బోర్లా పెట్టండి. మధ్యలో ఒకదాని మీద ఒకటి నాలుగున్నర అంగుళాలు ఎక్కుతాయి. చుట్టూ పావు అంగుళానికి కుట్టి, ఓవర్‌లాక్ చేయించండి. ఆ ఎక్కిన చోటునుంచే ఫోము దూర్చుకోవచ్చు, జిప్పు అక్కర్లేదు. మా ఉప్పుగాలికి ఇనప జిప్పు ఎన్నాళ్లుంటుంది?

తిప్పేముందు మూలలు. మూల దగ్గర కలిసే రెండు కుట్లూ ఒకదానిమీద ఒకటి వచ్చేలా మూలని త్రికోణంగా నొక్కి, కుట్టు మొననుంచి ఒక అంగుళం లోపలికి అడ్డంగా కుట్టండి. ఆ గీత 2 అంగుళాలు వస్తుంది, అదే ఫోము మందం. నాలుగు మూలలూ అలా చేసి తిప్పితే, చెవుల్లేకుండా పెట్టెలా కూర్చుంటుంది.

వానాకాలం వారానికోసారి ఫోము బయటికి తీసి గాలికి పెట్టండి, లేకపోతే బూజు వాసన వస్తుంది. గలీబుని తిరగేసి నీడన ఆరేయాలి, ఎండకి పాత రంగులు ఇట్టే వెలిసిపోతాయి.

నా మూడింటిలో ఒకదానికి మధ్యన ఆకుపచ్చ ముక్క ఉంది. అత్తగారి బండారులంక నేత చీరది. 96 నవంబరు 6 రాత్రి తుఫానుకి మా పెంకులన్నీ లేచిపోయి ఇల్లంతా నానిపోతే, ట్రంకుపెట్టె అడుగున ఉండబట్టి మిగిలిన చీర. గాలివాన మొదలైతే చాలు, ఆవిడ లోపల్నుంచే "ఆ పచ్చది లోపల పెట్టావా?" అని కేకేస్తారు. మిగతా రెండూ తడిసినా ఫర్వాలేదు.