కొత్త ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ నిలవడం లేదా? ముందు ఒక భాగహారం

పెట్టె మీద పది గంటలని ఉంటుంది. ఇంటికి తెచ్చి పని మొదలుపెడితే మూడు గంటలకే ఎర్ర గుర్తు. షాపువాడితో గొడవకు బయల్దేరే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. కుండ, అంటే బ్యాటరీ, చిన్నదా? లేక కుండకు చిల్లు ఉందా, అంటే మెషీన్ అనవసరంగా కరెంటు తాగేస్తోందా? కుండే చిన్నదైతే సెట్టింగులు మార్చి సాధించేది కొంతే. చిల్లు ఉంటే కొత్త బ్యాటరీ వేయించినా అదే కథ.

కుండ కొలత వాట్ అవర్లలో ఉంటుంది. అది కచ్చితంగా తెలియాలంటే విండోస్‌లోనే ఉన్న రిపోర్టు తీయండి. స్టార్ట్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి టెర్మినల్ తెరిచి, ఇంగ్లిష్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ’ (పవర్ అనే మాట, దానికి ఆనించి సీ, ఎఫ్, జీ అక్షరాలు) అని కొట్టండి. ఒక స్పేస్ ఇచ్చి, ముందుకు వాలిన స్లాష్ గీత, దానికి ఆనించి ‘బ్యాటరీరిపోర్ట్’ అని ఒకే మాటగా కొట్టి ఎంటర్ నొక్కితే, ఫైలు ఎక్కడ సేవ్ అయిందో తెర మీదే చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిచి మూడు అంకెలు రాసుకోండి: డిజైన్ కెపాసిటీ (కంపెనీ చెప్పిన కొలత), ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పుడు నిజంగా పట్టేది), సైకిల్ కౌంట్ (బ్యాటరీ మొత్తం ఎన్నిసార్లు వాడి నింపినట్టో). మొదటి రెండూ మిల్లీవాట్ అవర్లలో ఉంటాయి, వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు.

కొత్త మెషీన్‌లో మొదటి రెండు అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి. వారం కూడా కాకుండానే ఫుల్ చార్జ్ అంకె డిజైన్‌లో 90 శాతం లోపు ఉందంటే, లేదా తొలిరోజే సైకిల్ కౌంట్ పదుల్లో కనిపిస్తోందంటే, షాపువాడిని నిలదీయాల్సిందే. కొన్ని మోడళ్లు సైకిల్ అంకె చూపించవు, అది లోపం కాదు.

ఇక చిల్లు సంగతి. వంద శాతం చార్జ్ చేసి ప్లగ్ తీసి, వెలుతురు సగానికి తగ్గించి, మీరు రోజూ చేసే పనే గంటసేపు చేయండి. బ్యాటరీ 42 వాట్ అవర్లదై, గంటలో 30 శాతం దిగితే, 42ను 0.3తో గుణించండి. 12.6 వాట్లు. అంటే మెషీన్ సగటున అంత తాగుతోంది, 42ను దాంతో భాగిస్తే మూడు గంటల ఇరవై నిమిషాలే వస్తుంది. అదే 42 వాట్ అవర్లతో పది గంటలు రావాలంటే 4.2 వాట్లకే సరిపెట్టాలి. తెర వెలుతురు బాగా తగ్గించి, వైఫై ఆపి, డిస్క్‌లో ఉన్న వీడియో ఒక్కటే ఆడిస్తే రావొచ్చేమో. పెట్టె మీది గంటలు ఎక్కువగా అలాంటి పరీక్షల్లోవే.

ప్రాసెసర్ పేరు చివర ఇంగ్లిష్ యూ అక్షరం ఉంటే పొదుపు రకం. టైపింగ్, బ్రౌజింగ్‌కి ఆరు నుంచి పది వాట్లు మామూలే. చివర హెచ్ ఉండి, విడిగా గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంటే 15 వాట్లు దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు. గేమింగ్ మెషీన్ కొని రోజంతా క్లాసులకు వాడతామంటే ఏ సెట్టింగూ కాపాడదు. కానీ యూ రకం మెషీన్ ఒట్టి బ్రౌజింగ్‌కే 14 వాట్లు తాగుతుంటే చిల్లు వెతకాలి.

మొదటి రెండు మూడు రోజుల కొలతను నమ్మొద్దు. అప్‌డేట్లు దిగుతుంటాయి, విండోస్ ఫైళ్లన్నిటికీ ఇండెక్స్ రాసుకుంటుంది, వన్‌డ్రైవ్ మీ ఫైళ్లను నెట్‌లోకి ఎక్కిస్తుంటుంది. ఎచ్చెర్ల హాస్టల్ గదిలోనో చీపురుపల్లి పక్క పల్లెలోనో ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొస్తుంటే, రోజువారీ డేటా అయిపోయి అప్‌డేట్ సగంలో ఆగుతుంది, మర్నాడు మళ్లీ అందుకుంటుంది. ఆ తంతు వారాలు సాగుతుంది. బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంట్లో ఒక రాత్రి ప్లగ్‌లో పెట్టి అన్నీ ఒకేసారి ముగించండి. కంపెనీ ఇచ్చిన ట్రయల్ యాంటీవైరస్ అక్కర్లేకపోతే తీసేయండి, విండోస్‌ది ఉండనే ఉంది.

తర్వాత తెర. డిస్‌ప్లే సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పే అంకె 120, 144 హెర్ట్జ్ ఉంటే 60కి దించండి. పవర్ మోడ్‌ని బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీలో పెట్టండి. డార్క్ మోడ్ ఓఎల్‌ఈడీ తెరకే పనికొస్తుంది, మామూలు ఎల్‌సీడీలో వెనక లైటు ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది.

గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు టాస్క్ మేనేజర్‌లో చూడండి: గేమ్ ఏదీ ఆడకుండానే ఆ కార్డు మేలుకుని ఉందంటే దొంగ దొరికినట్టే. డిస్‌ప్లే సెట్టింగుల్లో గ్రాఫిక్స్ తెరిచి, దాన్ని వాడుతున్న యాప్‌కి పవర్ సేవింగ్ ఎంచండి. ఒక్కటి మార్చాక మళ్లీ గంట కొలవండి. నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మూత మూసినా చార్జింగ్ కారిపోవడం వేరే జబ్బు. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సెక్కినప్పుడు 90 ఉన్నది విశాఖలో తెరిచేసరికి 70, పైగా బ్యాగు వెచ్చగా ఉంటుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఫోన్‌లా అరకునుకే తీస్తాయి, లోపల నెట్ పని నడుస్తూనే ఉండొచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా (పనిని డిస్క్‌లో దాచి పూర్తిగా ఆగిపోయేలా) పెట్టండి. ఆ మాట జాబితాలో లేకపోతే టెర్మినల్‌ని అడ్మిన్‌గా తెరిచి, ఇందాకటి పవర్‌సీఎఫ్‌జీ తర్వాత స్పేస్, స్లాష్, ‘హైబర్నేట్’, మళ్లీ స్పేస్, ‘ఆన్’ అని కొట్టండి. తెరుచుకోడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే.

తొలిరోజు ఎనిమిది గంటలు చార్జింగ్‌లో ఉంచాలన్నది పాత నికెల్ బ్యాటరీల నాటి మాట. ఇప్పటి లిథియం బ్యాటరీలకి చేటు చేసేవి వేడి, ఎప్పుడూ వంద దగ్గరే ఉండటం. మే ఎండల్లో పరుపు మీద పెట్టి చార్జ్ చేస్తే రెండూ కలిసొస్తాయి. ఎక్కువగా ప్లగ్‌లోనే వాడేవాళ్లు కంపెనీ యాప్‌లో 80 శాతం హద్దు పెట్టుకోవాలి. మెషీన్ 80 దగ్గర ఆగిపోతోందని కంగారుపడేవాళ్లు, ఆ హద్దు ముందే పెట్టి ఉందేమో చూసుకోండి.

అయితే అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే ఆ హద్దు తీసేసి వందకు నింపండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కరెంటు కోసం రోజుల తరబడి ఎదురుచూశారు. పవర్‌బ్యాంక్ కొంటే సీ టైప్ పీడీ (పవర్ డెలివరీ) పద్ధతిలో 45 లేదా 65 వాట్లు ఇచ్చేది కొనండి, అదీ ల్యాప్‌టాప్ సీ పోర్టులో చార్జింగ్ తీసుకుంటేనే. పదివేల ఎంఏహెచ్ అంటే 37 వాట్ అవర్లే, దారిలో కొంత పోతుంది. ఇంట్లో స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే అడాప్టర్ మామూలు కంటే వేడెక్కుతోందేమో చేయి పెట్టి చూడండి.

ఇన్ని చేశాకా తాగుడు ఎనిమిది వాట్లే చూపిస్తూ, ఫుల్ చార్జ్ అంకె వారం వారం పడిపోతుంటే, లేదా 40 నుంచి ఒక్కసారిగా 10కి దూకుతుంటే తప్పు బ్యాటరీదే. రిపోర్టు ఫైలు, బిల్లు ఫొటో, సీరియల్ నంబరు దగ్గర పెట్టుకుని ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వండి. బ్యాటరీకి వారంటీ మెషీన్ కంటే తక్కువ ఉండొచ్చు, కార్డు చదవండి. పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు. టచ్‌ప్యాడ్ ఉబ్బి పైకి లేస్తే మాత్రం కొలతలూ రిపోర్టులూ పక్కనపెట్టి, వెంటనే ఆపేసి, చార్జర్ తీసేసి, విప్పకుండా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.